తౌడు పోసి కొన్న చుక్క

రేషన్ కార్డులో ఆమె పేరు భారతీదేవి. ఆ పేరు చెప్పి అడిగితే ఒడిశా రాయగడలో మా వీధివాళ్ళెవరూ ఇల్లు చూపించలేరు. తౌడమ్మ ఇల్లు అంటే మాత్రం స్టేషను దగ్గర ఆటోవాడు కూడా తిన్నగా గుమ్మం ముందు దింపుతాడు. బళ్ళో తెలుగు చెప్పడం మానుకున్న ఏడాది నేను ఆ ఇంటి మేడమీద వాటాలో అద్దెకు దిగాను. నా సామాను చాలావరకు పుస్తకాలే. కింద ఆమె, ఆమె భర్త ఢిల్లీశ్వరరావు ఉంటారు. వీధి వైపు వాళ్ళ కొట్టు. అల్లం, పసుపు, చింతపండు టోకున అమ్ముతారు. లమ్తపుట్ వైపు నుంచి అల్లం బస్తాలు దిగిన రోజున నా పుస్తకాలక్కూడా ఆ వాసన పట్టేది. గాలి తిరిగితే కాగితం మిల్లు వాసన.

మొదటి రోజునే నేను "భారతీ" అని పిలిచాను. ఇంకెవరినో పిలిచాననుకుని ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"నన్నేనా అప్పా?" అంది, మా వైపు అక్కను పిలిచే పిలుపుతో. ఆ తర్వాత చాలా రోజులు, ఆ పిలుపు వినపడినప్పుడల్లా పమిట సర్దుకునేది.

తౌడు అన్నది ఆమెకు పెట్టిన పేరు కాదు, ఆమెకు కట్టిన వెల. గుణుపురంలో ఆమె తల్లికి అంతకుముందు పుట్టిన పిల్లలు వరసగా పోయారు. మా వైపు అలాంటి ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి, పిల్లలు నిలిచిన ఇంటావిడకు ఇచ్చేస్తారు. "ఇది నా పిల్ల" అని ఆవిడ తీసుకోవాలి. కన్నతల్లి అప్పుడు ఆ చేట నిండా తౌడు పోసి పిల్లను తిరిగి బేరమాడాలి. "నీ తౌడుకి నా పిల్లని అమ్మేను, తీసుకుపో" అని ఆవిడ అంటేనే బేరం తెగినట్టు. గేదె మేతకు అమ్ముడైన పిల్లను మృత్యువు కూడా చీదరించుకుని వదిలేస్తుందని నమ్మకం. పిల్ల నిలుస్తుంది. పేరు మాత్రం తౌడుగా మిగిలిపోతుంది.

ఆ రోజు గుణుపురంలో చేట పట్టుకున్నావిడ కూతురే బంగారమ్మ. పెళ్ళయి రాయగడ వచ్చింది. మా పక్కింట్లోనే ఉంటుంది, గేదెలతో, మనవలతో. తౌడమ్మకంటే బాగా పెద్దది. ఏ మాట వచ్చినా చివరికి "నిన్ను అమ్మింది మా అమ్మేనే" దగ్గరికి తెచ్చి ఆపుతుంది.

"ఎంతకమ్మిందో అడుగు అప్పా," అనేది తౌడమ్మ నాతో.

"సేటెడుకి. అదీ సిల్లు పడ్డ సేట. సగం కారిపోయింది," అనేది బంగారమ్మ.

వాళ్ళిద్దరూ నవ్వేవారు. కానీ ఆ పేరు ఆమెకు నవ్వులాట కాదని నాకు కొన్నాళ్ళకు గాని తెలియలేదు. బళ్ళో పిల్లలు ఆమెను చూసి గేదెల్లా అరిచేవారట. పెళ్ళి శుభలేఖ మీద భారతీదేవి అనే అచ్చు వేయించారు. నెల తిరక్కుండానే అత్తగారి నోట తౌడు వచ్చేసింది. మొదటిసారి కడుపు నిలవలేదు. రెండోసారి నెలలు నిండుతుండగా బంగారమ్మ వచ్చి, ఈ పిల్లను పుట్టగానే చేటలో వెయ్యమని చెప్పింది. తాను పట్టుకుంటానంది. తౌడమ్మ ఒప్పుకోలేదు.

"నా పిల్లకి గేదె మేత పేరెట్టను," అంది.

ఆడపిల్ల పుట్టింది. ఆమె ఒక పేరు అనుకుని ఉంచుకుంది. బారసాల నాడు బియ్యంలో రాసేదాకా ఎవరికీ, భర్తకు కూడా, చెప్పకూడదనుకుంది. బారసాల దాకా రాలేదు. జ్వరం, తర్వాత ఏమీ లేదు. ఆ పైన ఆమెకు పిల్లలు కలగలేదు. ఆ పేరు ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

కరోనా వచ్చిన ఏడాది బడులు మూసేశారు. ఢిల్లీశ్వరరావు తమ్ముడి కూతురు ధనశ్రీ ఒక ప్రైవేటు బళ్ళో కంప్యూటరు పాఠాలు చెప్పేది. పెదనాన్న కొట్టులో ఇంటర్నెట్ బాగా వస్తుందని ల్యాప్‌టాప్ పట్టుకుని ఇక్కడికి వచ్చేసింది. అప్పట్లో దేశదేశాల బళ్ళవాళ్ళను కూడగట్టి ఒక సంస్థ ఒక పని చేయిస్తోంది. హవాయి దీవుల్లో ఒక పెద్ద టెలిస్కోపు ఆకాశంలో ఒకే ముక్కను ఆగి ఆగి ఫొటోలు తీస్తుంది. ఆ ఫొటోలను ఒకదాని మీద ఒకటి వేసి గబగబా తిప్పి చూడాలి. నక్షత్రాలైతే ఉన్నచోటే ఉంటాయి. ఏ చుక్కయినా జరిగిందంటే అది నక్షత్రం కాదు. కుజుడికీ గురుడికీ నడుమ సూర్యుడి చుట్టూ తిరిగే లక్షల రాళ్ళలో ఒకటి. అలాంటివి చాలావరకు ఇదివరకే ఎవరో చూసినవై ఉంటాయి. ఎప్పుడో ఒకటి కొత్తది దొరుకుతుంది.

ధనశ్రీ బడి పిల్లలు రెండు రోజులు చూసి మానేశారు. మూటలు కట్టే వేళ కాని మధ్యాహ్నాల్లో తౌడమ్మ పక్కన కూర్చుని చూసేది. చూడ్డానికి ఇంట్లో ఇంకేమీ లేదు, టీవీలో చావుల లెక్కలు తప్ప. ఆ రోజు ధనశ్రీ ఫోనులో కాబోయే భర్తతో మాట్లాడుతోంది. అతను డొరగుడలో అల్యూమినా ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నేను మెట్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాను.

"అమ్మీ, ఇదేటి, పేనులాగ పాకుతున్నాది?" అంది తౌడమ్మ.

"ఏది పెద్దమ్మా?" ధనశ్రీ ఫోను చెవిన పెట్టుకునే వచ్చింది. చూసింది. "ఉండండి, మళ్ళీ సేస్తాను," అని ఫోను పెట్టేసింది.

అది లెక్కల్లో ఉన్న రాయి కాదు. పంపించేముందు దానికి మనమే ఏదో ఒక గుర్తు వేయాలట, ఇంగ్లీషులో నాలుగైదు అక్షరాలు.

"మన బడి అక్షరాలు ఏసేద్దునా?"

"నేదు. తౌడు అని ఎయ్యి."

"తౌడేటి పెద్దమ్మా, నవ్వుతారు!"

"నవ్వనీ. ఎయ్యమన్నాను గదా."

ధనశ్రీ నా వైపు చూసింది. నేను పేపరు మడిచాను. అప్పటికి నాకు సంగతి అర్థమైంది. ఒకసారి కన్నపిల్లను చేటలో వెయ్యనంది కదా, ఇప్పుడు దీన్ని వేస్తోంది.

కొన్ని వారాలకు కబురు వచ్చింది. ఆ రాయి మళ్ళీ కనిపించిందట. దానికి తాత్కాలికంగా ఒక గుర్తు ఇచ్చారు: ఏడాది, దాని పక్కన రెండు అక్షరాలు, ఒక అంకె. కనిపెట్టినవాళ్ళ పేర్లు వేసి ఒక సర్టిఫికెట్టు కూడా పంపించారు. దాన్లో భారతీదేవి అని ఉంది.

ఢిల్లీశ్వరరావు దాన్ని పటం కట్టించి గల్లాపెట్టె వెనక తగిలించాడు. లోకల్ కేబుల్ చానెల్ నడిపే బిశ్వజిత్ మైకు పట్టుకుని వచ్చాడు. ఒడియా కుర్రాడు, బజారు తెలుగు వచ్చు. సర్టిఫికెట్టుతోపాటు వచ్చిన కాగితాల్లో తౌడు అన్న గుర్తు చూసి, ఆ గ్రహానికి పెట్టిన పేరు అదేననుకున్నాడు.

"మాఉసీ, తౌడు మానే కొణొ? అర్థం ఏటి?"

తౌడమ్మ నోరు తెరవబోయింది. ఢిల్లీశ్వరరావు అడ్డం వచ్చేశాడు. "తౌడు అంటే మా ఇంటి దేవత బాబూ. శ్రీకాకుళం సైడు పెద్ద గుడి ఉన్నాది."

"అచ్ఛా, దేవీ!" అని బిశ్వజిత్ రాసుకున్నాడు.

పమిట నోట్లో కుక్కుకుని తౌడమ్మ వంటింట్లోకి పోయింది. నేను వెళ్ళి చూస్తే గోడకు చేరబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. ఆమె అలా నవ్వగా చూడ్డం నాకదే మొదలు. మర్నాడు టీవీలో, ఆకాశంలో తౌడు దేవి, రాయగడ గృహిణి ఘనత అని వచ్చింది. బజారులో కొందరు భారతీదేవి గారూ అని పిలవడం మొదలుపెట్టారు. ఇంకొందరు కొట్టు ముందు ఆగి, "తౌడమ్మ తల్లీ, మా అల్లం రేటు కాస్త పెంచు" అని దండం పెట్టేవారు.

ఆ ఆదివారం ధనశ్రీ కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది. తౌడు అన్నది మన గుర్తే, పేరు కాదు. పేరు పెట్టడానికి చాలా ఉంది.

"పేరు మనం పెట్టొచ్చా నేదా, అది సెప్పమ్మీ," అన్నాడు ఢిల్లీశ్వరరావు. "శ్రీ ఢిల్లీశ్వర ట్రేడర్స్ అని పెట్టిద్దుం. అడ్వర్టైజ్‌మెంటు. ఎవుడికీ నేదు అంత ఎత్తున బోర్డు."

"యాపారం పేర్లు ఒప్పుకోరు పెదనాన్నా. పదహారు అక్షరాలు దాటకూడదు కూడా."

"పోనీ మన ఎమ్మెల్యే పేరు?"

"రాజకీయం వాళ్ళయితే సచ్చిపోయి వందేళ్ళవ్వాల."

"ఆడు ఒప్పుకోడు," అన్నాడాయన.

తౌడమ్మ అడిగింది, "ఎప్పుడు పెట్టనిస్తారు?"

"దాని దారి రూఢి అవ్వాల పెద్దమ్మా. అది మళ్ళీ మళ్ళీ కనిపించాల. నాలుగేళ్ళో, పదేళ్ళో. దారి గట్టిగా తేలితే పర్మనెంటు నంబరు ఇస్తారు. అప్పుడు ముందు కనిపెట్టినోళ్ళు ఎవులని సూసి, ఆళ్ళని పేరడుగుతారు."

"ఈలోపల?"

"ఈలోపల తప్పిపోవచ్చు. ఇలాటివి సానా తప్పిపోతాయి."

"అంటే బారసాల దాకా పేరు నేదు," అంది తౌడమ్మ. "నిలిస్తేనే పేరు."

"అంతే," అంది ధనశ్రీ నవ్వి. ఆ పిల్లకు పెద్దమ్మ పాత కథ అంతగా తెలియదు.

తర్వాతి వారంలో ఒక మధ్యాహ్నం, భర్త టికిరి సంతకు వెళ్ళిన పూట, తౌడమ్మ బంగారమ్మను పిలిపించింది. వరండాలో కొత్త చేట, పక్కన మిల్లు నుంచి తెచ్చిన తౌడు సంచి. ధనశ్రీ ప్రింటు తీసిచ్చిన ఫొటో ఒకటి చేటలో పెట్టింది. నల్లటి కాగితం మీద తెల్ల చుక్కలు, వాటిలో ఒకదాని చుట్టూ ఎర్ర సిరా గుండ్రం.

"ఏటే ఇది, నూకగింజంత నేదు," అంది బంగారమ్మ చేటలోకి వంగి.

"పట్టుకో వదినా. నీ పిల్లలంతా నిలిచేరు. పట్టుకుని నా పిల్ల అను."

"దీనికి పాలెవులిస్తారే? నా గేదె ఇవ్వదు, ముందే సెప్తన్నాను."

"ఆటలొద్దు వదినా."

బంగారమ్మ ఆమె ముఖం చూసింది. ఆటలు మానేసింది. పైట కొంగు నడుముకు దోపుకుని, చేట రెండు చేతులా ఎత్తి పట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టే ఛాతీకి ఆనించుకుంది. "ఇది నా పిల్ల," అంది.

తౌడమ్మ సంచి విప్పి చేటలో తౌడు పోసింది. దోసిళ్ళతో పోసింది. ఫొటో మీద చుక్కలన్నీ కప్పబడిపోయాయి. ఇక బంగారమ్మ ఒక్క మాట అనాలి.

సరిగ్గా అప్పుడు వీధిలో గోల లేచింది. బంగారమ్మ గేదెల్లో ఇంకా ఈనని పడ్డ ఒకటి తాడు తెంపుకుని కూరల బండి మీద పడింది. "ఓలమ్మో! ముసిల్దానా, నీ గేదె!" అని కూరలవాడు అరుస్తున్నాడు. బంగారమ్మ ఒక్క ఉదుటున మెట్లు దిగింది. చేట చంకలోనే ఉంది, తౌడుతో, ఫొటోతో సహా. గేదెను పట్టుకున్నాక అటునుంచి అటే ఇంటికి తోలుకుపోయింది.

రెండు రోజులు పోయాక చేటా ఫొటో తెచ్చి అరుగు మీద పెట్టింది. ఫొటో నలిగి, మూల చిరిగి ఉంది. "ఇదిగోనే నీ సుక్క. తౌడు గేదె తినేసింది. మళ్ళీ తెచ్చుకో, మళ్ళీ బేరమాడుదుం," అని నవ్వుతూ వెళ్ళిపోయింది. కూరలవాడికి క్యాబేజీల డబ్బు కట్టాల్సి వచ్చిందని వీధంతా నవ్వుకుంది. మేమూ నవ్వాం. ఆ ఒక్క మాట మిగిలిపోయిందని అప్పుడు ఎవరికీ తోచలేదు, తౌడమ్మకు కూడా.

ఆ సాయంత్రం నేను అడిగాను, "రాయికి తౌడేమిటి భారతీ?"

"నవ్వుకో అప్పా, పర్నేదు." ఆమె చింతపండు ఈనెలు తీస్తోంది. "ఉన్నాది గదా నా దగ్గర ఒక పేరు, వాడకుండా. అది దీనికి ఎట్టాలని."

బాగుంది అన్నాను.

"బాగునేదు అప్పా. ఇది నిలిచిందనుకో. తౌడు పనిసేసినట్టే గదా? అప్పుడు ఆ పిల్లకి ఎయ్యననేసింది ఎవులు?"

"మరి నిలవకపోతే?"

"నిలవకపోతే తౌడు ఒట్టిదే. తప్పు నాది కాదు. కానీ పేరు నాతోనే పోతాది." ఈనె తీసి పక్కన పడేసింది. "ఏది కావాలో నాకు తెల్దు. పేరెట్టాల. అది ఒకటే తెలుసు."

ఆ పైన ఏళ్ళు గడిచాయి. ధనశ్రీకి పెళ్ళయింది, డొరగుడ వెళ్ళిపోయింది. బళ్ళు తెరిచారు. గల్లాపెట్టె వెనక పటం మీద పసుపు దుమ్ము పేరుకుంది. గ్రహం సంగతి అడిగేవాళ్ళు తగ్గారు. గారూ అనేవాళ్ళు తిరిగి తౌడమ్మకు వచ్చేశారు. ఆమె మాత్రం ధనశ్రీ ఫోను చేసినప్పుడల్లా ఆఖర్న అడిగేది, కోడలు నెల తప్పిందా అని అడిగినట్టు మెల్లిగా, "దాని కబురేమైనా?" లేదనేది ధనశ్రీ. అది కంటికి కనపడేంత రాయి కాదు. మేడమీదికి వచ్చినప్పుడు ఆమె ఆకాశం వంక చూడగా నేనెప్పుడూ చూడలేదు. నా పుస్తకాల బీరువా దగ్గర నిలబడేది. ఒకసారి, "ఇన్ని పుస్తకాల్లో పేర్లు రాసేరు గదా, ఆ పేర్లు అన్నీ ఎవులో ఒకలకి పనికొచ్చేయి," అంది.

మొన్న వానాకాలంలో ధనశ్రీ పొద్దున్నే తన భర్త మోటారుసైకిలు మీద వచ్చింది. మామూలుగా ఫోనులో చెప్పేదానికి ఇంత దూరం రాదు. భోజనాల దగ్గర నన్ను కూడా పిలిచారు. ఆ పిల్ల అన్నం కెలుకుతూ కూర్చుంది.

"సెప్పమ్మీ," అంది తౌడమ్మ. "పోయిందా?"

"పోనేదు పెద్దమ్మా. బాగానే ఉన్నాది. దారి తేలింది. నంబరు ఇచ్చేరు."

ఢిల్లీశ్వరరావు చెయ్యి ఆగిపోయింది. "మరేటే, ఏడుపు మొహం ఏల? పేరెట్టండ్రా!"

"మనది కాదు పెదనాన్నా." ధనశ్రీ తల దించుకుని చెప్పింది. "ఎప్పుడో అంతకుముందే ఆకాశం సర్వే సేసేవోళ్ళు దాన్ని రెండు రాత్రులు ఫొటో తీసి పంపించేరంట. అది ఇదీ ఒకటేనని అప్పట్లో ఎవులికీ తెల్దు. ఇప్పుడు దారి ఎనక్కి లెక్కగడితే కలిసిపోయింది. రూలు ప్రకారం ముందు పంపించినోళ్ళదే. మన పేర్లు తీసేసేరు."

"ఎవుడాడు? ఏ దేశం? ఆడికి ఉత్తరం రాద్దుం. నాలుగైదేళ్ళు పెంచుకున్నాం మనం."

"మనిషి కాదు పెదనాన్నా. మెషీను. రాత్రంతా అదే తీస్తాది, అదే పంపించేస్తాది."

"మెషీను పేరెడతాదేటి?"

"పెట్టరు. అలాటివి లక్షలున్నాయి. సానా వాటికి నంబరే, పేరుండదు. ఎవులూ అడగరు."

ఢిల్లీశ్వరరావు కాసేపు రూలును తిట్టాడు, హవాయిని తిట్టాడు. గ్లాసు ఎత్తి నీళ్ళు తాగి, "పోనీలే తౌడూ, బతికే ఉన్నాది గదా, సాల్దా," అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు.

తౌడమ్మ ధనశ్రీ విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది. "నిలిచింది," అంది, ఎవరితోనో కానట్టు. "తిను అమ్మీ. ఘాటీ రోడ్డు, వానొస్తాది, బేగి ఎల్లు."

ఆ పిల్ల వెళ్ళాక, దీపాలు పెట్టే వేళ, ఆమె వచ్చి నా మెట్ల మీద కింది మెట్టున కూర్చుంది. నేను ఆలోచించి పెట్టుకున్న మాటలు చెప్పాను. అది ఉత్త లెక్క, ఎవరి చేతిలోనూ లేదు, నువ్వు తౌడు పోసినా పోయకపోయినా ఆ యంత్రం ముందే చూసింది.

"అవునప్పా. లెక్కే," అంది. "నానూ లెక్కే కట్టేను ఇందాక. బంగారమ్మొదిన నా పిల్ల అన్నాది. తౌడు పోసేను. తీసుకుపో అన్న మాట అన్నేదు. గేదె కోసం పరిగెట్టింది. సేట పట్టుకుపోయింది. అంటే ఇచ్చేనే గాని కొనుక్కోనేదు. అందుకే నిలిచింది. ఇంకొకలకి నిలిచింది. ఏదీ తప్పిపోనేదు, సూడు. అంతా సరిగ్గానే జరిగింది."

"భారతీ, అలా కాదు..."

"ఆయన సాల్దా అన్నారు గదా. సాలును. ఆ పిల్లని ఆ రోజు సేటలో ఏసి ఇచ్చేసుంటే, తిరిగి కొనుక్కోడం అవకపోయినా సాలును. ఎవులింట్లోనో ఉండేది. ఆళ్ళేదో పేరెట్టుకునేవోరు." అంది. "నన్ను తౌడనే పిలు అప్పా. ఆ పేరుకే నాను నిలిచేను."

ఆ లెక్కలో ఎక్కడ తప్పుందో నాకు తెలుసు. కానీ అది ఆమెకు చెప్పగలిగే మాటగా నాకు దొరకలేదు.

గేటు చప్పుడైంది. బంగారమ్మ ఇత్తడి గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది. "తౌడే! పడ్డ ఈనింది. జున్ను తెచ్చేను. ఏటీ, ఇద్దరూ అలగ కూకున్నారు, ఎవులైనా పోయేరేటి?"

"ఎవులూ పోనేదు వదినా," అంది తౌడమ్మ. లేచింది.

ఈ సంగతి ఆమె బంగారమ్మకు చెప్పలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. గిన్నె లోపలికి తీసుకెళ్ళి జున్ను వేరే గిన్నెలోకి ఒంపింది. కడిగింది. తెచ్చిన గిన్నెను ఖాళీగా పంపకూడదు కదా. కాసేపటికి బయటికి వచ్చి ఆవిడ చేతికిచ్చింది. గిన్నె నిండా తౌడు.

"ఇదేటే?"

"గేదెకి."

ఆమె గేటు చువ్వ పట్టుకుని అలాగే నిలబడింది, ముసలావిడ నోటి వంక చూస్తూ. ఆవిడ ఏ మాట అనాలో మెట్ల మీద కూర్చున్న నాకు తెలుసు. బంగారమ్మ గిన్నె చంకన పెట్టుకుంది, మబ్బు వంక చూసింది.

"వానొచ్చేలాగున్నాది. ఆరేసినవి తీసేవా?" అంది. అని వెళ్ళిపోయింది.